క్రీడా కోటా సీటు – కాయకశుద్ధి

శరణధర్మమున కాయకమునకు అగ్రస్థానము కలదు. కాయకమనగా కేవలము పని కాదు, శుద్ధమైన పని. ఫలమెంత వచ్చెనని గాక, అది ఏ మార్గమున వచ్చెనని శరణులు మొదట విచారించిరి. కళాశాలలలో క్రీడాకారులకు కేటాయించిన సీట్ల విషయమున ఈ విచారణ నేడు ప్రతి గృహమునకును అవసరమైయున్నది.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము సలుపుచుండెను. ఒకనాడు ఆయన నిత్యముకన్న అధికముగా తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ అందులకు సంతసింపలేదు. మన వంతు కానిది మన ఇంట నుండరాదని, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసిరమ్మని ఆయనను పంపెను. మారయ్య దానిని దొంగిలింపలేదు. అయినను అవసరమునకు మించినది ఇతరుల వంతని ఆ సాధ్వి గ్రహించెను.

2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఆ పరిసరముల భూముల విలువ మిక్కిలి పెరిగెను. పొలములమ్మిన కుటుంబములకు ధనము చేతికి వచ్చెను. బిడ్డలను పెద్ద చదువులు చదివింపవలెనను కోరిక సహజము, శ్లాఘ్యము. కాని మార్కులు చాలనప్పుడు క్రీడా సర్టిఫికెట్టును కొని సీటు సంపాదింపవచ్చునను దళారి మాట చెవిని పడినచో, అచ్చటనే పరీక్ష మొదలగును.

ఈ విమానాశ్రయము నుండియే ఏటేటా ఎందరో విద్యార్థులు అమెరికాకు వెళ్ళుచున్నారు. సంపన్నమైన ఆ దేశముకూడ ఈ దోషమునకు అతీతము కాదు. 2019 మార్చిలో అచ్చట రిక్ సింగర్ అను విద్యాసలహాదారుని వ్యవహారము బయల్పడెను. ధనికుల వద్ద సొమ్ము గ్రహించి, విశ్వవిద్యాలయముల క్రీడాశిక్షకులకు లంచములిచ్చి, ఆ ఆటలే ఆడని పిల్లలను క్రీడాకారులుగా చేర్పించెను. 2023 జనవరిలో అతనికి మూడున్నర సంవత్సరముల కారాగారశిక్ష పడెను. లంచమిచ్చిన తల్లిదండ్రులలో పలువురు కూడ చెరసాలకు వెళ్ళిరి.

మన రాష్ట్రమున ఇంజనీరింగు ప్రవేశములలో క్రీడాకారులకు కేటాయించినది 0.5 శాతము. అనగా 200 సీట్లకు ఒక్కటి. ఆ ఒక్క సీటును ధనముతో పొందినచో, నష్టపోవునది ప్రభుత్వము కాదు. తెల్లవారకమునుపే పాఠశాల మైదానమున పరుగెత్తి, పస్తులుండియు పతకము సాధించిన ఒక పేదబిడ్డ. ఆ బిడ్డ చెమటయే కాయకము. దానిని అపహరించి తన బిడ్డకు పెట్టిన తండ్రి, పరుల గింజను వండిపెట్టినవాడే యగును.

"అందరు ఇచ్చుచున్నారు, మేమివ్వనిచో మా బిడ్డ వెనుకబడును" అని కొందరందురు. 2018లో సవరింపబడిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము, ప్రభుత్వోద్యోగికి లంచమిచ్చినవారికిని ఏడు సంవత్సరముల వరకు శిక్ష కలదు. బలవంతముచే ఇచ్చినవారు ఏడు దినములలోపల అధికారులకు తెలిపినచో ఆ దోషము నుండి రక్షణ లభించును. తెలంగాణ అవినీతి నిరోధక శాఖకు 1064 సంఖ్యకు ఫోనుచేసి తెలుపవచ్చును.

చట్టభయముకన్న ఆత్మసాక్షి బలవత్తరము. ఆడని ఆటకు సర్టిఫికెట్టు పొందిన బిడ్డ చదువులో నేర్చుకొను మొదటి పాఠము అసత్యమే. దాసోహమునకు తెచ్చిన బియ్యమునే వెనుకకు పంపిన లక్కమ్మ, బిడ్డకై తెచ్చిన సీటును అంగీకరించియుండెడిదా?

ఆలోచింపవలసినవి:
1. మారయ్య తెచ్చిన మిగులు బియ్యము ఎవరి వంతు?
2. కొన్న సీటుతో చదివిన విద్య కాయకమగునా?
3. మన గ్రామమున నిజముగా ఆడు పేదబిడ్డకు మఠము, కుటుంబము ఏ సాయము చేయగలవు?