యౌవనమందే ప్రభువును వెదకుదాం

పాఠ్యభాగం: 2 దినవృత్తాంతములు 33, 34 అధ్యాయాలు



“ఇప్పుడే భక్తి ఏమిటి? ముందు చదువు కానీ, ఉద్యోగం రానీ, పెండ్లి కానీ” అనే మాట మన ఇండ్లలో తరచుగా వింటాము. ఈ మాట వల్ల కలిగే నష్టం ఎంతటిదో యూదా రాజవంశంలోని ఒక తాతను, ఒక మనవణ్ణి చూసి నేర్చుకుందాం.

తాత మనష్షే. 12 ఏండ్ల వయస్సులో రాజై 55 సంవత్సరాలు ఏలాడు. తండ్రి హిజ్కియా భక్తిపరుడే. అయినా మనష్షే విగ్రహాలను నిలిపి ప్రజలను తప్పుదారి పట్టించాడు. బబులోనులో సంకెళ్లతో ఉన్నప్పుడు తన్ను తాను తగ్గించుకొని ప్రార్థించాడు. దేవుడు అతని మొర ఆలకించి తిరిగి యెరూషలేముకు రప్పించాడు. ఆ కృప ఎంత గొప్పది! కాని కుమారుడైన ఆమోను తండ్రి చివరి ప్రార్థనను కాక, మునుపటి నడతనే అనుసరించాడు. రెండేండ్లు ఏలి, తన సేవకుల చేతిలోనే హతుడయ్యాడు.

మనవడు యోషీయా. 8 ఏండ్లకే రాజయ్యాడు. 16 ఏండ్ల ప్రాయంలో దేవుని వెదకనారంభించాడు. 20 ఏండ్లకు దేశంలోని విగ్రహాలను తొలగించసాగాడు. 26వ ఏట దేవాలయంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని విని, దుఃఖంతో బట్టలు చింపుకొన్నాడు. 39 ఏండ్లకే యుద్ధంలో గాయపడి మరణించాడు. “ముసలితనంలో చూద్దాం” అనుకొని ఉంటే ఆ ముసలితనం అతనికి రానేలేదు!

ఆరోగ్యం విషయంలోనూ ఇంతే. పొగత్రాగడం ఏ వయస్సులో మానినా మేలే. అయితే 40 ఏండ్ల లోపు మానినవారు ఆ అలవాటు తెచ్చే అకాల మరణ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకుంటారు. ఆలస్యంగా మానినవారికీ మేలు కలుగుతుంది గాని, అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తులు పూర్తిగా మునుపటిలా కావు. అలాగే దేవుని క్షమాపణ ఏ వయస్సులోనైనా దొరుకుతుంది. గడచిన సంవత్సరాలు, మనలను చూసి పెరిగిన పిల్లల బాల్యం మాత్రం తిరిగి రావు.

యౌవనులారా, “మా ఇంట్లో భక్తి లేదు” అని వెనుదీయకండి. యోషీయా తండ్రి ఆమోనే కదా! రోజూ కొంతసేపు వాక్యం చదవడంతో ఈ వారమే మొదలుపెట్టండి.

తల్లిదండ్రులారా, పరీక్షల పేరుతో పిల్లలను ఆదివారపు బడి మాన్పించకండి.

పడకమీద ఉన్న పెద్దలారా, దిగులుపడకండి. మనష్షే మొర విన్న దేవుడు మీ మొర కూడా వింటాడు. మనష్షే చనిపోయేనాటికి యోషీయా సుమారు 6 ఏండ్ల పిల్లవాడు. తాత ఆ పసివానితో ఏమి చెప్పాడో బైబిలులో వ్రాయబడలేదు. మీరు మాత్రం మీ మనవలను దగ్గరకు పిలిచి, దేవుడు మీకు చేసిన మేలు నోరారా చెప్పండి.

ప్రార్థన: ప్రభువా, మా దినాలు ఎన్నో మాకు తెలియదు. మాకున్న ఈ దినమును నీకే అప్పగించుకొనే మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.