అమమ పచళు

"జూనియర్‌ కాలేజీనా? మళ్లీ ఇంటర్‌ చదవడమేమిటే నీకు?"

తెనాలి నుంచి మా అమ్మ ఫోను. బీటెక్‌ అయ్యి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం వెలగబెట్టి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల దొరికే హెచ్‌-4 వీసా మీద కాలిఫోర్నియా వచ్చి, ఐదేళ్లు ఇంటిపట్టునే ఉన్న కూతురు ముప్పై నాలుగో ఏట పుస్తకాల సంచీ తగిలించుకుంటానంటే ఏ తల్లికైనా ఆ మాత్రం కంగారు సహజం. తప్పు అమ్మది కాదు, ఆ పేరుది. అమెరికాలో 1901లో ఇల్లినాయ్‌ రాష్ట్రంలో ఇలాంటి మొదటి ప్రభుత్వ కాలేజీ పెట్టినప్పుడు దాన్ని జోలియెట్‌ జూనియర్‌ కాలేజీ అన్నారు. డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు ఊరి పిల్లలకు ఊళ్లోనే చెప్పడం దాని పని. కమ్యూనిటీ కాలేజీ అన్న మాట తర్వాత స్థిరపడింది. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇవి 116 ఉన్నాయి. నూటపదహార్లు, శుభమే కదా అని అమ్మకు చెప్పాను. నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

ఇక్కడ ర్యాంకు అడగరు. ఎంట్రన్సు లేదు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎవరైనా చేరవచ్చు. రాష్ట్రవాసులకు యూనిట్‌కు 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లు. హెచ్‌-4 వాళ్లు చదువు కోసం వీసా మార్చుకోనక్కర్లేదు. ఏడాదికి పైగా ఈ రాష్ట్రంలోనే కాపురం ఉంటున్నట్టు కాగితాలు చూపిస్తే రాష్ట్రవాసుల ఫీజే పడుతుంది. స్టూడెంట్‌ వీసా మీద వచ్చే పిల్లలకు మాత్రం అది కొన్ని రెట్లు ఎక్కువ. చేరే ముందే ఈ లెక్క చూసుకోండి.

ఇక నామోషీ సంగతి. "మన స్థాయికి కమ్యూనిటీ కాలేజీ ఏమిటమ్మా" అని మా పెదనాన్నగారు అన్నారు. ఆయనకు మూడు ముక్కలు చెప్పాను. ఆపిల్‌ పెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో ఒకరైన వోజ్నియాక్‌ కొన్నాళ్లు చదివింది కూపర్టినోలోని డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో. 1984 జనవరి 24న మాకింతోష్‌ కంప్యూటర్ని లోకానికి చూపించిన వేదిక అదే కాలేజీ ఆడిటోరియం. నటుడు టామ్‌ హాంక్స్‌ హేవర్డ్‌లోని చాబో కాలేజీలో చదివి, తన జీవితం అక్కడే మలుపు తిరిగిందని 2015లో పత్రికలో వ్యాసం రాసుకున్నాడు. పెదనాన్నగారు ఇంతకీ అక్కడ ఏం చదువుతావని అడిగారు. వెబ్‌ డెవలప్‌మెంటు, ఆన్‌లైన్‌ మీడియా అన్నాను. "అవన్నీ యూట్యూబ్‌లో ఉంటాయట కదా?"

మంచి ప్రశ్న. చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ రెండేళ్లు ఆగిపోయాను. యూట్యూబ్‌ చూసి మూడు కోర్సులు మొదలుపెట్టి మూడూ మధ్యలో వదిలేసిన చరిత్ర నాది. జవాబు మూడో వారంలో దొరికింది.

వెబ్‌ డిజైన్‌ మొదటి కోర్సు. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. పగలు కంపెనీలో పనిచేసే ఒకావిడ మాకు పాఠం చెప్పేది. మీకు బాగా తెలిసిన విషయం మీద ఒకే ఒక్క పేజీ కట్టుకు రమ్మంది. నేను మా అమ్మమ్మ పచ్చళ్ల మీద చేశాను. తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు పెట్టాను. మాగాయకొక పెట్టె, గోంగూరకొకటి, పండుమిర్చికొకటి. పైన పెద్ద హెడ్డింగు. రెండు రాత్రులు నిద్ర లేదు.

క్లాసులో 'క్రిటిక్‌' అనే కార్యక్రమం ఒకటుంది. ఒక్కొక్కరి పేజీ తెర మీద వేస్తారు. మిగతావాళ్లు మాట్లాడతారు. చేసినవాళ్లు నోరు మెదపకూడదు. నా పేజీ పడింది. ఫొటోలు చూసి ఒకమ్మాయి నోరూరుతోందంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్భైకి దగ్గర్లో ఉంటాడు.

"నాకు ఆ లిపి రాదు. కానీ కింది పెట్టెల్లో అక్షరాల కింద చిన్న చిన్న ముక్కలు వేలాడుతున్నాయి. పైన హెడ్డింగులో ఒక్కటీ లేదు. అవి ఉండాలా, అక్కర్లేదా?"

చూశాను. 'అమ్మమ్మ పచ్చళ్లు' అని నేను రాసుకున్న చోట, అంత పెద్ద తెర మీద, 'అమమ పచళు' అని ఉంది.

జరిగింది ఇదీ. హెడ్డింగు పెట్టె ఎత్తును నలభై పిక్సెళ్లకు బిగించేశాను. దాటి బయటికొచ్చింది దాచేయమని ఆజ్ఞ కూడా ఇచ్చాను. వరుస ఎత్తు, అంటే లైన్‌-హైట్‌, 1.2 అని పాఠంలో ఉన్నది ఉన్నట్టు దించేశాను. ఇంగ్లీషు అక్షరాలకు అది సరిపోతుంది. మన అక్షరాలు ఒంటరివి కావు. నెత్తిన గుణింతం, కాళ్ల కింద ఒత్తు. ఆ కాళ్లు తెగిపోయాయి. నా చేత్తో నేనే టైపు చేసి, ఇరవైసార్లు చదువుకుని కూడా కనిపెట్టలేకపోయాను. నా కన్ను చదవడం ఎప్పుడో మానేసింది, గుర్తున్నది గుర్తున్నట్టు అప్పజెప్పుకుంటోంది. ఒక్క అక్షరం రానివాడు పట్టేశాడు. బిగించిన ఎత్తు తీసేసి, 1.2ను 1.8 చేస్తే ఐదు నిమిషాల్లో ఒత్తులన్నీ వెనక్కి వచ్చాయి. (ఆ తర్వాత ఏ తెలుగు పేజీ తెరిచినా నా చూపు ముందు హెడ్డింగు కాళ్ల మీదే పడుతుంది. ఇది ఒక జబ్బు. మీకూ అంటుకుంటుంది.)

హెచ్‌టీఎంఎల్‌ యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ పెద్దాయన దొరకడు. మీరు కట్టే 138 డాలర్లూ ఆయన కోసమే.

మనకు సగం ఉడికింది చూపించే అలవాటు లేదు. మార్కులు బాగా వస్తేనే కాగితం బయటికి తీశాం. ర్యాంకు వచ్చాకే చుట్టాలకు చెప్పాం. "అయ్యాక చూపిస్తాలే" అనేది మన ఊతపదం. ఆ అలవాటుతోనే ఇక్కడికొస్తాం, అది కాస్తా మూడో వారానికే అడ్డం తిరుగుతుంది. నా పక్కన కూర్చునే తెలుగబ్బాయి ఒకడు, చురుకైనవాడు, పేజీ ఇంకా బాగా రావాలని మూడు క్రిటిక్‌లు ఎగ్గొట్టాడు. నాలుగోసారి చూపిస్తే, మొదటివారమే దిద్దాల్సిన మెనూ తప్పు మీద వారం వారం కట్టుకుంటూ పోయిన మేడ బయటపడింది. మొత్తం పీకేశాడు పాపం.

వెబ్‌ అసలు పుట్టుకే చూపించుకునే పుట్టుక. ఏ పేజీ అయినా కుడి మీట నొక్కి సోర్సు తెరిచి చూడవచ్చు. టిమ్‌ బెర్నర్స్‌-లీ కట్టిన ఈ సాంకేతికతను 1993 ఏప్రిల్‌ 30న సెర్న్‌ సంస్థ ఎవరైనా రాయల్టీ లేకుండా వాడుకోవచ్చని వదిలేసింది. బ్రెండన్‌ ఐక్‌ అనే ప్రోగ్రామరు 1995లో వెబ్‌ పేజీలను ఆడించే జావాస్క్రిప్ట్‌ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో రాసిచ్చాడు. అందులో ఒక తప్పు దొర్లింది. 'నల్‌' (అంటే ఏమీ లేదని) ఏ రకమని అడిగితే 'ఆబ్జెక్ట్‌' (అంటే వస్తువు) అని చెబుతుంది. ఈరోజుకీ అలాగే చెబుతోంది. దిద్దితే పాత పేజీలు ఎక్కడెక్కడ విరుగుతాయోనని అలా ఉంచేశారు. ఆ తప్పుతోనే ప్రపంచం నడుస్తోంది. మీ అసైన్‌మెంటు దానికంటే శుద్ధంగా ఉండాలనేముంది?

అయితే చూపించడానికీ ఒక పద్ధతుంది. "ఎలా ఉంది?" అని అడగకండి. "బాగుంది" అంటారు. మన వాట్సాప్‌ గ్రూపులో పెడితే ఇంకా దారుణం, "సూపర్‌ అక్కా" అని పదకొండు చప్పట్లు వస్తాయి, ఎనిమిది మంది లింకు తెరవనే తెరవరు. పని చెప్పండి. "ఈ పేజీలో గోంగూరకు ఎంత ఉప్పు వేయాలో వెతికి చెప్పు" అని ఫోన్‌ చేతికివ్వండి. తర్వాత మాట్లాడకండి. వేలు ఎటు పోతోందో, ఎక్కడ తటపటాయించిందో చూడండి. "అది కాదు, కింద ఉంది చూడు" అని నాలుక చివరిదాకా వస్తుంది. మింగేయండి. రేపు మీ పేజీ చూసేవాళ్ల పక్కన మీరుండరు.

చెప్పినవన్నీ కాగితం మీద రాసుకోండి, సమర్థించుకోవద్దు. మనం బాగా చదువుకున్నవాళ్లం కాబట్టి వాదన కూడా బాగా చేస్తాం, అదొక ఇబ్బంది. ఒక క్రిటిక్‌లో కళ్లు సరిగా కనిపించని క్లాస్‌మేట్‌ నా పేజీని స్క్రీన్‌రీడర్‌తో వినిపించాడు. మాగాయ జాడీ ఫొటో దగ్గర అది "ఐఎంజీ రెండు సున్నా నాలుగు మూడు" అంది. ఫొటోకు వివరణ రాయలేదు కదా, ఫైలు పేరు చదివేసింది. ఫొటో కింద వ్యాఖ్య ఉందిగా అని నేను వాదన మొదలుపెట్టబోయాను. అతను ఏమీ అనకుండా ఇంకోసారి వినిపించాడు. ఇంటికెళ్లి ప్రతి బొమ్మకూ ఒక వాక్యం రాశాను. స్క్రీన్‌రీడర్‌ తెలుగును తెలుగులాగే చదవాలి కదా అని, పేజీ భాష ఇంగ్లీషని కోడ్‌ మొదట్లో ఉన్నదాన్ని తెలుగని మార్చాను.

రెండో సెమిస్టర్‌లో ఆన్‌లైన్‌ మీడియా. ఇక్కడ చూపించుకోవడం కాదు, వినిపించుకోవడం. అదింకా కష్టం. తెలియని మనిషితో మాట్లాడి మూడు నిమిషాల ఆడియో తెమ్మన్నారు. శనివారం సంతలో చెర్రీపళ్లు అమ్మే ఒకావిడ దగ్గర రికార్డరు పట్టుకుని నిలబడ్డాను. చక్కగా మాట్లాడింది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆవిడ ప్రతి మాట మీదా నా "ఆహా", "ఊఁ", "కరెక్ట్‌ కరెక్ట్‌". తన మొదటి పంట మంచుకు పోయిందని ఆవిడ చెబుతుంటే, ఆ వాక్యం పూర్తికాకముందే నేను తర్వాతి ప్రశ్న వేసేశాను. ఆ వాక్యం ఇక ఎప్పటికీ పూర్తికాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మావారు "నన్ను మాట్లాడనివ్వవు" అని ఎన్నిసార్లన్నా ఒప్పుకోని దాన్ని, ఆ మూడు నిమిషాలు విని ఒప్పుకున్నాను. పైకి కాదనుకోండి.

అదే కోర్సులో ఒకరు వీడియో వెనక సినిమా పాట పెట్టుకొచ్చారు. టీచరు ఒక్కటే అడిగింది, "దీని సొంతదారు ఎవరు, అడిగావా?" ప్రతి ఫొటోకూ, ప్రతి పాటకూ ఆ ప్రశ్న వేసుకోవడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. కోడ్‌కూ అంతే. సీనియర్‌ అసైన్‌మెంటు అడిగి తెచ్చుకోవడం మనకు స్నేహం, ఇక్కడ నేరం. ఏఐ చేత రాయించినా అడ్డంగా దొరుకుతారు, ఎలాగంటే టీచరు తెర మీద ఒక వరస చూపించి "ఇది ఎందుకు రాశావు?" అంటుంది. వాడుకోవచ్చన్న కోర్సులో వాడండి, కానీ ఆ వరసకు జవాబు మీ దగ్గరుండాలి.

టీచర్ని పేరు పెట్టి పిలవమంటారు. నాకు ఆరు వారాలు నోరు రాలేదు, 'మేడమ్‌' అంటూనే ఉన్నాను. ఆవిడ ఆఫీసు అవర్స్‌కు, అంటే విద్యార్థుల్ని విడిగా కలిసే వేళకు, వెళ్లడానికి మరో నాలుగు వారాలు. వెళ్లి చూస్తే ఆ గంటంతా ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంటోంది! క్లాసులో ముప్పై మందికి పంచే మనిషి అక్కడ మీ ఒక్కరికే. వెళ్లండి, డౌటు లేకపోయినా పేజీ పట్టుకుని వెళ్లండి.

ఒక హెచ్చరిక. హెచ్‌-4 మీద వర్క్‌ పర్మిట్‌ లేనివాళ్లు చదవచ్చు గానీ సంపాదించకూడదు. "మా బోటిక్‌కు చిన్న సైటు చేసిపెట్టు, వంద డాలర్లిస్తా" అనే స్నేహితురాలు ఎవరికైనా ఉంటుంది. ఆ వంద చాలా ఖరీదైనది. డబ్బు లేని ఇంటర్న్‌షిప్‌ కూడా లాయరును అడగకుండా ఒప్పుకోకండి. ముందు మీ సొంత పేజీలే కట్టుకోండి, కొరతేముంది? మా అమ్మమ్మకు ఇరవై రెండు రకాల పచ్చళ్లు వచ్చు.

అవన్నీ ఎక్కించాక లింకు అమ్మకు పంపాను. వివరమేమీ రాయలేదు, గోంగూరకు ఉప్పెంతో వెతుక్కోమన్నాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు తెల్లారకముందే ఫోను.

"గోంగూర దొరికిందిలే. మాగాయలో మెంతిపిండి ఏదే?"

లాప్‌టాప్‌ తీశాను. నిజమే, లేదు. ఆ పేజీ పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు.