జుట్టుకు వాడే మందులు – గర్భసంచి ఆరోగ్యం



పెళ్లయి నాలుగేండ్లయినా బిడ్డలు కలుగని ఇంట్లో కారణం వెదకడం మొదలవుతుంది. ఈమధ్య ఆ వెదుకులాటలో కోడలి జుట్టు కూడా చేరింది. "పార్లరుకు వెళ్లి జుట్టు సాపు చేయించుకుంది, రంగు వేయించుకుంది, అందుకే" అంటారు. ఈ మాటలో నిజమెంత, అన్యాయమెంత అన్నది ఈ వారం ఆలోచిద్దాము.

ముందుగా నిజం. అమెరికా ప్రభుత్వ పర్యావరణ ఆరోగ్య పరిశోధన సంస్థ "సిస్టర్ స్టడీ" అనే పెద్ద పరిశీలన జరుపుతోంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల అక్కచెల్లెండ్రను చేర్చుకున్నారు గనుక ఆ పేరు (మఠకన్యల మీద పరిశోధన అనుకోకండి). అందులోని 33,497 మందిని దాదాపు 11 ఏండ్లు గమనించగా 378 మందికి గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. 2022లో ఫలితాలు ప్రకటించారు. రసాయనాలతో జుట్టు సాపు చేయించుకోని వారిలో 70 ఏండ్ల వయసు నాటికి ఈ వ్యాధి వచ్చే అవకాశం నూటికి 1.64. ఏడాదిలో నాలుగుసార్లకు మించి చేయించుకున్న వారిలో 4.05. రెట్టింపు దాటింది. అయితే అంత తరచుగా వాడినవారిలో సైతం నూటికి దాదాపు 96 మందికి రాదన్నది అదే అంకెలో ఉంది. జుట్టు రంగులకూ గర్భసంచి క్యాన్సరుకూ మాత్రం ఆ పరిశీలనలో సంబంధం కనబడలేదు. 2019లో అదే పరిశోధకులు శాశ్వత రంగులు వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కొంత అధికమని చెప్పారు. నల్లజాతి స్త్రీలలో ఆ తేడా మరింత ఎక్కువ.

ఎందుకిలా? ఈ మందులలో కొన్నిటిలో థాలేట్లు, పారాబెన్లు వంటి పదార్థాలు ఉంటాయి. ఇవి శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పనికి అడ్డు తగలగలవు, లేదా దానిలా నటించగలవు. నెత్తి చర్మం కాలినా, చిట్లినా లోపలికి మరింతగా దిగుతాయి. కెరాటిన్ పేరిట చేసే కొన్ని చికిత్సలలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. శవాలను చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో ఉన్నది ఇదే. వేడి ఇస్త్రీ తగలగానే ఆవిరై ముక్కులోకి పోతుంది. ఇది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. సీసా మీద "మిథిలీన్ గ్లైకాల్" అని ఉన్నా భ్రమపడవద్దు, దాని నుండి వెలువడేదీ అదే వాయువు. నెలకొకసారి వెళ్లే మనకన్న, తలుపులు మూసిన ఏసీ గదిలో రోజంతా ఆ పొగ పీల్చే పార్లరు అమ్మాయిలను గురించి నాకు ఎక్కువ దిగులు. వారిలో మన విచారణల బిడ్డలూ ఉన్నారు.

ఇక అన్యాయం. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మీకు తెలుసు. ఒకదాని వెనుక మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాజాలదు. పై పరిశోధనలు సంబంధాన్ని చూపాయి గాని, ఫలానా స్త్రీకి ఫలానా సీసా వల్లనే జబ్బు చేసిందని చెప్పలేదు. అవి క్యాన్సరును గురించినవి. రెండుసార్లు జుట్టు సాపు చేయించుకున్న పిల్ల గొడ్రాలవుతుందని వాటి నుండి తేల్చడం తర్కం కాదు, నింద. సంతానం కలుగని జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని లోపమూ ఉంటుందని వైద్యులు చెబుతారు. కొడుకును పరీక్షకు పంపకుండా కోడలి తల వైపు వేలెత్తి చూపడం ఏ పాటి న్యాయం? జెకర్యా, ఎలిశబేతమ్మలు నీతిమంతులని చెప్పిన తరువాతనే లూకా వారికి సంతానం లేదని వ్రాశాడు. ఆ వరుస గమనించండి.

అలంకారం పాపమని నేననను. పెండ్లికో పండుగకో ఒకసారి రంగు వేసుకున్నవారు బెంగపడనక్కరలేదు. తరచుగా సాపు చేయించుకునే అలవాటు ఉంటే తగ్గించుకోండి. నెత్తి మీద పుండ్లు ఉన్నప్పుడు అసలే వద్దు. గర్భిణులు మొదటి మూడు నెలలు ఆగితే మంచిదని చాలామంది వైద్యుల సలహా. గోరింటాకు మంచిదే గాని, నిమిషాల్లో నల్లగా పండే "నల్ల గోరింట"లో తరచుగా పీపీడీ అనే రసాయన రంగు కలుపుతారు. దానితో చర్మం బొబ్బలెక్కవచ్చు.

తల్లులారా, ఒక్క సంగతి. ముట్లుడిగిన తరువాత మరల రక్తం కనబడితే, అది ఒక్క చుక్కయినా సరే, సిగ్గుపడి దాచవద్దు. గర్భసంచి క్యాన్సరుకు తరచుగా మొదటి గుర్తు అదే. తొలిదశలో పట్టుబడితే ఎక్కువమందికి నయమవుతుంది. ఇంట్లో చెప్పుకోలేకపోతే మీ విచారణలోని సిస్టరు గారికి చెప్పండి, ఆమె మిమ్ములను లేడీ డాక్టరు వద్దకు తీసుకొని వెళుతుంది.