కుక్కకు జొన్న బిస్కెట్లు

ప్రశ్న: మా ఇంట్లో జొన్నపిండికి కొదవ లేదు, ఓవెన్ మాత్రం లేదు. కుక్కకు బిస్కెట్లు చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, తాండూరు, వికారాబాద్ జిల్లా

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు.

కప్పు జొన్నపిండిలో ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, ఒక గుడ్డు కలపాలి. ఉప్పు, చక్కెర వద్దు. జొన్నపిండికి సాగుడు ఉండదు కనుక ముద్దను పట్టి ఉంచేది గుడ్డే. పలుచగా ఒత్తి, ముక్కలు కోసి, మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నసెగపై గట్టిపడేదాకా కాల్చాలి.

2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పునూ మెత్తగా ఉడికించి కొంచెం చేర్చొచ్చు. తాలింపు పప్పు మాత్రం వద్దే వద్దు! ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసినవీ ప్రమాదమే.

రోజువారీ కేలరీల్లో చిరుతిళ్ల వాటా 10 శాతం దాటకూడదు. తేమ మిగిలితే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు పెట్టేయాలి.