బిగిసిన బోల్టు పట్టు ఉన్నట్టేనా?

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా వరంగల్‌లో భూమి కొన్ని క్షణాలు కంపించింది. ములుగు జిల్లాలో పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.3. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అల్మరాల్లో గిన్నెలు గలగలలాడాయి. సీలింగు ఫ్యాన్లు ఊగాయి. ఫ్యాను ఊగింది గాని ఊడి పడలేదు. ఎందుకని? కొక్కెం దాన్ని పట్టుకుంది. మరి కొక్కేన్ని ఏది పట్టుకుంది? శ్లాబులోని కాంక్రీటు!

ఆ రోజు బడికి వెళ్ళగానే సైన్సు గదిలో గోడ వెంట పోయే నీటి గొట్టాన్ని చూశాను. దాన్ని పట్టుకునే క్లాంపు బోల్టు మీద నట్టు గట్టిగానే కనిపించింది. వేళ్ళతో తిప్పితే తిరగలేదు. క్లాంపు పట్టుకుని లాగాను. బోల్టు నట్టుతో సహా, పాలపన్ను ఊడినట్టు, చేతిలోకి వచ్చేసింది! నట్టు తుప్పుతో బోల్టును అంటిపెట్టుకుంది. బోల్టు మాత్రం గోడను ఏనాడో వదిలేసింది.

మా గదిలో గొట్టం పడితే నేల తడుస్తుంది, అంతే. అదే గొట్టం అణు విద్యుత్కేంద్రంలో ఉంటే?

ఆర్పినా చల్లారని పొయ్యి

కట్టెల పొయ్యి ఆర్పిన తరువాత కూడా నిప్పులు చాలాసేపు వేడిగా ఉంటాయి. అణు రియాక్టరు కూడా అంతే. అందులో యురేనియం పరమాణువుల విచ్ఛిత్తిని క్షణాల్లో ఆపవచ్చు. కాని విచ్ఛిత్తిలో పుట్టిన రేడియోధార్మిక పదార్థాలు ఆ తరువాత కూడా ఉష్ణాన్ని ఇస్తూనే ఉంటాయి. 1,000 మెగావాట్ల ఉష్ణశక్తినిచ్చే రియాక్టరును ఆపితే, ఆపిన వెంటనే ఇంకా 60 నుంచి 70 మెగావాట్ల ఉష్ణం వస్తూ ఉంటుంది. ఒక రోజు గడిచినా సుమారు 5 మెగావాట్లు మిగులుతుంది. ఈ ఉష్ణాన్ని తీసుకుపోవడానికి నీరు ఆగకుండా ప్రవహించాలి. నీరు ప్రవహించాలంటే గొట్టం చెక్కుచెదరకూడదు.

గొట్టానికి స్వంత బరువు, లోపలి నీటి బరువు ఉంటాయి. వేడెక్కితే అది పొడవు పెరుగుతుంది. భూకంపం వస్తే అటూ ఇటూ ఊగుతుంది. వీటన్నిటికీ తట్టుకునేలా ఉక్కు ఆధారాలు అమర్చుతారు. ఆధారం అడుగున ఉక్కు పలక ఉంటుంది. ఆ పలకను బోల్టులతో కాంక్రీటు గోడకు బిగిస్తారు. ఈ బోల్టులనే యాంకర్ బోల్టులు అంటారు. ఓడకు లంగరు ఎలాంటిదో ఆధారానికి ఇవి అలాంటివి.

పట్టు ఎలా వస్తుంది?

గట్టిపడిన కాంక్రీటులో రంధ్రం తొలిచి బిగించే బోల్టును గమనించండి. దాని లోపలి కొస శంకువు ఆకారంలో ఉంటుంది. శంకువు చుట్టూ పలుచని ఉక్కు తొడుగు ఉంటుంది. పైన నట్టు బిగిస్తే బోల్టు కొద్దిగా వెలుపలికి జరుగుతుంది. శంకువు తొడుగులోకి చొచ్చుకువస్తుంది. తొడుగు విచ్చుకుని రంధ్రం గోడలను అదుముతుంది. అక్కడ పుట్టే ఘర్షణే బోల్టు పట్టు. రంధ్రం ఉండవలసినదానికన్నా పెద్దదైనా, నట్టు సరిగా బిగించకపోయినా, తొడుగు విచ్చుకోదు. చిక్కేమిటంటే, ఈ పని అంతా కాంక్రీటు లోపల జరుగుతుంది. బయటి నుంచి మనకు కనిపించేది నట్టు ఒక్కటే.

1978లో ఏం జరిగింది?

అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో మిల్‌స్టోన్ అణు విద్యుత్కేంద్రం ఉంది. 1978 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంధనం మార్చడానికి దాని మొదటి యూనిట్‌ను ఆపారు. అప్పుడు తనిఖీ చేస్తే, భద్రతకు సంబంధించిన గొట్టాల ఆధారాలు కొన్ని దెబ్బతిని ఉన్నాయి. సరే, చెడినవి చెడ్డాయి. చెడకుండా ఉన్నవాటిని కూడా పరీక్షించారు. వాటిలోనూ చాలా బోల్టులు సరిగా బిగించి లేవు! (ఆ యూనిట్‌ను 1998లో శాశ్వతంగా మూసివేశారు.)

దీనితో అమెరికా అణు నియంత్రణ కమిషన్ 1979 మార్చి 8న 79-02 సంఖ్య గల బులెటిన్ విడుదల చేసింది. అణు విద్యుత్కేంద్రాలు తమ గొట్టాల ఆధారాల పలకలను, బోల్టులను లెక్కలతోనూ పరీక్షలతోనూ సరిచూసుకోవాలన్నది దాని సారాంశం.

పానా చెప్పే అబద్ధం

బోల్టు బిగువును ఎలా పరీక్షిస్తారు? ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానా ఒకటి ఉంది. దాని పేరు టార్క్ రెంచి. బలాన్ని పానా పొడవుతో గుణిస్తే టార్క్ వస్తుందని మీరు చదువుకున్నారు. నిర్ణయించిన టార్క్ వరకు తిప్పినా నట్టు జారకపోతే బోల్టు బాగున్నట్టు లెక్క.

కాని ఇక్కడొక మోసం ఉంది. ఒక రకం యాంకరులో ముందు బోలుగా ఉండే గుల్లను రంధ్రంలో దించి విచ్చుకునేలా చేస్తారు. తరువాత పలక బయటి నుంచి బోల్టును గుల్లలోని మరలోకి తిప్పుతారు. ఆ గుల్ల సరిగా విచ్చుకోలేదనుకోండి. బోల్టు తిప్పినకొద్దీ గుల్ల రంధ్రంలోంచి పైకి జరిగి పలక వెనుక భాగాన్ని తాకుతుంది. ఇక బోల్టు గట్టిగా బిగుస్తుంది. పానా "బాగుంది" అంటుంది. నిజానికి బోల్టు, గుల్ల కలిసి పలకను మాత్రమే నొక్కుతున్నాయి, కాంక్రీటును పట్టుకోలేదు! అందుకే ఈ పరీక్షకు ముందు గుల్ల పలకను తాకడం లేదని చూడాలి.

పలక వంగితే?

500 కిలోల బరువుతో సమానమైన బలం పలక మధ్యలో లాగుతోంది. రెండు వైపులా ఒక్కో బోల్టు ఉంది. ఒక్కొక్క దానిపై 250 కిలోలే కదా అంటారు మీరు. పలక వంగకపోతే అది సరే. పలుచని పలక మధ్యలో పొంగుతుంది. అప్పుడు బోల్టుల అవతల ఉన్న అంచులు గోడను నొక్కుతాయి. అంచు ఒక్కొక్కటీ 100 కిలోల బలంతో నొక్కితే, బోల్టు ఆ 100 కూడా మోయాలి. అంటే 350! సుత్తి చీలికతో మేకు పీకేటప్పుడు పనిచేసే లీవరు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. పలక వంగడాన్ని లెక్కలోకి తీసుకోవాలని బులెటిన్ ప్రత్యేకంగా చెప్పింది.

బోల్టు ఊడిపోయే బలాన్ని దానిపై పడే బలంతో భాగిస్తే భద్రతా గుణకం వస్తుంది. శంకువు రకానికి ఇది కనీసం 4, గుల్ల రకానికి కనీసం 5 ఉండాలని బులెటిన్ కోరింది. పై లెక్కలో శంకువు రకం బోల్టు 350 × 4 = 1,400 కిలోల వరకు ఊడకూడదన్నమాట.

అన్నిటినీ చూడాలా?

ఒక కేంద్రంలో బోల్టులు వేలల్లో ఉంటాయి. బులెటిన్ రెండు దారులు చూపింది. మొదటిది: ప్రతి పలకకూ ఒక బోల్టును పరీక్షించాలి. అది తప్పితే ఆ పలకలోని మిగతావన్నీ చూడాలి. రెండవది: ఏరకుండా, లాటరీ తీసినట్టు, కొన్నిటిని తీసుకోవాలి. లోపమున్నవి నూటికి 5 కన్నా తక్కువని 95 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. దీనికి ఎన్ని కావాలో మీరే లెక్కించండి. నూటికి 5 చెడ్డవైతే, ఒక బోల్టు మంచిది కావడానికి సంభావ్యత 0.95. వరుసగా 60 మంచివే రావాలంటే 0.95ను 60 సార్లు గుణించాలి. జవాబు సుమారు 0.046, అంటే నూటికి 5 కన్నా తక్కువ. కనుక 60 తీస్తే 60 మంచివే వస్తే ఆ నమ్మకం కుదురుతుంది.

బలహీనమైతే ఏం చేస్తారు?

పలుచని పలకకు ఉక్కు పట్టీలు వెల్డు చేసి వంగకుండా చేస్తారు. పెద్ద బోల్టులను ఇంకా లోతుగా దించుతారు. లోతు ఎందుకంటే, కాంక్రీటు తెగేటప్పుడు బోల్టు చుట్టూ గరాటు ఆకారపు ముక్కగా ఊడుతుంది. లోతు పెరిగితే గరాటు పెద్దదై, ఊడదీయడానికి ఎక్కువ బలం కావాలి. అయితే బోల్టులు మరీ దగ్గరగా ఉంటే గరాటులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి బలం తగ్గుతుంది. గోడ అంచుకు దగ్గరైనా అంతే. వీలైనచోట గోడకు ఆరపార రంధ్రం చేసి, అవతల మరో పలక పెట్టి బిగిస్తారు.

మీరే చేసి చూడండి

రెండు బట్టల సబ్బు బిళ్ళలు తీసుకోండి. ఒకదానిలో మరమేకును అర సెంటీమీటరు, మరొకదానిలో రెండు సెంటీమీటర్లు దించండి. స్ప్రింగు త్రాసు తగిలించి మెల్లగా లాగండి. ఏది ఎంత బలానికి ఊడిందో, ఎలాంటి ముక్క వచ్చిందో రాసుకోండి.

మన ప్రాంతానికి భూకంపం కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏది నిలుస్తుందో మాత్రం ముందే పరీక్షించుకోవచ్చు. మా సైన్సు గది గొట్టానికి ఇప్పుడు కొత్త బోల్టులు వేశాం. ప్రతిదాన్నీ లాగి చూశాకే క్లాంపు తగిలించాం.