మోటరు ఊరికే తిరగదు

డల్లాస్ చుట్టుపక్కల ఏటా ఇదే వరస. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కొత్తగా కుదురుకున్న కుటుంబం, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారని పాత క్యాంపర్ ట్రైలరు ఒకటి కొంటుంది. వంటిల్లు, బాత్రూము మన వెంటే వస్తాయి, పెద్దవాళ్ళకు ఇబ్బంది ఉండదు, పులిహోర అక్కడికక్కడే కలుపుకోవచ్చు. ఆలోచన మంచిదే. మొదటి ప్రయాణంలోనే సింకు కింద తడి కనిపిస్తుంది. టిష్యూ పేపరుతో అద్దేసి, "చిన్న లీకే అక్కా, తిరిగొచ్చాక చూపిస్తాం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మేమూ సరిగ్గా ఆ మాటే అనుకున్నాం కాబట్టి.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. వాకిట్లో ట్రైలరు నిలపనిస్తారో లేదో కొనకముందే మీ కాలనీ హెచ్‌ఓఏని అడగండి. స్టేట్ పార్కులో చోటు ముందుగానే బుక్ చేసుకోండి. లోపల గ్యాసు అలారం పనిచేస్తోందో లేదో చూసుకోండి. అంతే.

ఇక నీళ్ళు.

హైదరాబాద్ కాప్రాలో పెరిగిన మనకు నీళ్ళ లెక్క వేరు. నల్లా వచ్చినప్పుడు సంపులో పట్టుకుని, మోటరు వేసి మేడ మీది ట్యాంకుకు ఎక్కించుకుంటాం. ఆ నీళ్ళు తమ బరువుతో తామే దిగుతాయి. ముప్పై అడుగుల ఎత్తు నుంచి దిగినా 13 పీఎస్‌ఐకి మించి ఒత్తిడి ఉండదు. ఇక్కడ క్యాంపు స్థలంలో నిలబెట్టిన నల్లాలో 80 దాటినా దాటవచ్చు. ట్రైలరు లోపలి సన్న పైపులకు 40 నుంచి 50 చాలు. అందుకే ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు పెట్టమనేది. అదీ ట్రైలరు దగ్గర కాదు, నల్లాకే ముందు బిగించి, దానికి హోసు తగిలించాలి. అప్పుడు హోసు కూడా బతుకుతుంది. పదిహేను డాలర్లు మిగుల్చుకుందామని రెగ్యులేటరు లేకుండా బయల్దేరేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. ఏం పొదుపు అది?

ట్రైలరుకు నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి బయటి నల్లా. రెండోది లోపలి ట్యాంకు, దానికో 12 వోల్టుల పంపు. లైనులో ఒత్తిడి తగ్గితే పంపు తిరుగుతుంది, నిండితే ఆగుతుంది. లీకు పట్టుకోవడానికి ఇంతకు మించిన పరికరం అక్కర్లేదు. హోసు తీసేసి, ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి పంపు వేయండి. ఆగేదాకా ఆగి, తర్వాత ఫోన్లు పక్కన పెట్టి నిశ్శబ్దంగా కూర్చోండి. ఎవరూ కుళాయి విప్పకుండానే పంపు మళ్ళీ తిరిగిందంటే లైనులో ఒత్తిడి పోతోందన్నమాట.

మా ట్రైలరులోనూ పంపు అలాగే తిరిగింది. లేక్ టెక్సోమా ఒడ్డున, అందరం పడుకున్నాక, రెండు క్షణాలు గుర్రుమని ఆగేది. కాసేపటికి మళ్ళీ అదే. నాన్న లేచి కూర్చుని, "అమ్మా, మోటరు ఊరికే తిరగదు. ఎక్కడో నీళ్ళు పోతున్నాయి" అన్నారు. అర్ధరాత్రి నల్లా వస్తే ఆ చప్పుడుకే లేచి బిందెలు సర్దిన మనిషి ఆయన. ఇక్కడి ట్రైలర్లు ఇలాగే ఉంటాయిలే నాన్నా అని పడుకోబెట్టాం. ఆ వేసవంతా అలాగే తిరిగాం. చివరికి వంటింటి అరల కింద కాలు పెడితే నేల తడిసిన అప్పడంలా లోపలికి దిగింది. బయట కాళ్ళు కడుక్కునే షవరుంటుందే, దాని వెనక మలుపు ముక్కకు వెంట్రుకంత పగులు. మేం ఆ ట్రైలరు కొన్నది 2021 ఫిబ్రవరి మంచు తుఫాను తర్వాత. ఆ నెల పదహారో తేదీన డల్లాస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. నీళ్ళు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ప్లాస్టిక్ అంతగా సాగదు. బాగుచేసేవాళ్ళు ట్రైలరు ధరలో సగానికి పైగా అడిగారు. నెమ్మదిగా కారిన నీటికి వర్తించదని బీమావాళ్ళు చేతులెత్తేశారు.

కాప్రాలో ట్యాంకు పొర్లితే ఆ సంగతి ముందు తెలిసేది మనకు కాదు. ఎదురింటావిడ "మీ ట్యాంకు నిండింది, మోటరు బంద్ చెయ్యండి" అని కేక వేస్తుంది. ఆ కేక మనకు పట్టకపోతే వీధిలో ఇంకొకరు గేటు కొడతారు. నీళ్ళు సిమెంటు మీద పారి, వాకిట్లోకొచ్చి, అందరికీ కనిపిస్తాయి. ఈసీఐఎల్ చౌరస్తాలో హార్డ్‌వేర్ షాపులో చెబితే సాయంత్రానికి ప్లంబరు వచ్చేవాడు. ఆ కేకలు విసుగనిపించిన రోజులున్నాయి. ఇక్కడ నీళ్ళు చెక్కలోకి దిగి, గోడ లోపల నెలల తరబడి చప్పుడు లేకుండా పని చేసుకుపోతాయి. గేటు కొట్టేవాళ్ళు లేరు. కాబట్టి వినండి. పెద్దవాళ్ళు ఏదో వినబడుతోందంటే ఇంకా శ్రద్ధగా వినండి.

పంపు తిరిగితే ఎక్కడ వెతకాలి? పొడి టిష్యూ ఒక్కో అతుకు కింద పెట్టుకుంటూ పోండి. ట్రైలరు అడుగున నీళ్ళు వదిలే మూతలు, టాయిలెట్ వెనక వాల్వు, వాటర్ హీటరు వెనక అతుకులు, బయటి షవరు. ఎవరూ తొంగిచూడని ఆ చివరిదాన్నే ముందు చూడమంటాను. అన్నీ పొడిగా ఉండి పంపు మాత్రం తిరుగుతుంటే, నీళ్ళు టాయిలెట్ గిన్నెలోకి జారుతుండవచ్చు, లేదా పంపులోంచే వెనక్కి ట్యాంకులోకి పోతుండవచ్చు. సింకులో నీళ్ళు వదిలినప్పుడే తడి వస్తే తప్పు డ్రెయిను పైపుది. రోడ్డు కుదుపులకు దాని నట్లు వదులవుతాయి. వాన పడ్డప్పుడే వస్తే పైకప్పు చూడండి.

పగిలిన పైపుకు ఎంసీల్ పూసి ఊరుకోకండి, ఈ ఒత్తిడికి అది నిలవదు. ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టరు వేయాలి. రబ్బరు వాషరున్న నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టనక్కర్లేదు, నీళ్ళు ఆపేది వాషరే. ప్లాస్టిక్ నట్టును చేత్తో బిగించి ఆపైన పావు తిప్పు చాలు. బలమంతా చూపిస్తే పగులుతుంది.

చలికాలం ముందు ట్యాంకు, హీటరు ఖాళీ చేయండి. హీటరు చల్లారి, ఒత్తిడి వదిలాకే దాని మూత తీయాలి. తర్వాత హీటరును బైపాస్ చేసి, ట్రైలర్ల కోసమే అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ లైనులోకి ఎక్కించండి, బయటి షవరులో కూడా ఆ రంగు కనిపించేదాకా. కారులో పోసేది మాత్రం వద్దు. అది విషం, పిల్లలు తాగే నీళ్ళ పైపులివి.

ట్రైలరు దిగి షికారుకు వెళ్తున్నారా? నల్లా కట్టేసి, పంపు ఆపి వెళ్ళండి. పది నిమిషాల పనికైనా సరే, కట్టేసి వెళ్ళండి.

ఇంకా కొననివాళ్ళకు: డబ్బు చేతికివ్వకముందే ట్యాంకు నింపించి, పంపు వేయించి, అరగంట లోపల కూర్చోండి. సింకు కింద, షవరు పక్కన, మంచం మూలల్లో నేల నొక్కి చూడండి. నీళ్ళు పట్టడం ఇప్పుడు కుదరదని అమ్మేవాడు అంటే తిరిగొచ్చేయండి.