లారీ ఇంజన్ ఎందుకు హీటెక్కుతుంది?



సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి (2010కి ముందు 9వ నంబరు) మనకు కొత్త కాదు. మనలో చాలామంది ఇళ్లలో నాయనో, అన్నో లారీల మీద బతికేవాళ్లే. మా అన్న క్లీనరు. నేను పదో తరగతి చదివే ఏడు ఎండాకాలంలో, మిర్యాలగూడలో బియ్యం లోడెత్తుకొని విజయవాడ పోతుంటే కోదాడ దాటాక బండి హీటెక్కింది. అన్న తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు ఎగజిమ్మి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. అలా ఎందుకవుతుందో నా సైన్సు పుస్తకంలో ఉంది. మార్కుల కోసం చదివాను గాని అన్నకు చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

వేడి ఎటు పోతుంది?

డీజిల్ మండితే వచ్చే శక్తిలో బండిని నడిపేది సుమారు 35 నుంచి 40 శాతమే. మిగిలినదంతా వేడి. కొంత పొగతో పోతుంది. మరికొంత భాగాన్ని నీళ్లు మోయాలి. వాటర్ పంపు నీళ్లను సిలిండర్ల చుట్టూ తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది. అక్కడి సన్నని గొట్టాల్లో ఫ్యాను గాలికి నీళ్లు చల్లారి మళ్లీ ఇంజన్‌కు వెళ్తాయి. నీటి విశిష్టోష్ణం ఎక్కువ కాబట్టే ఈ పనికి నీళ్లు వాడతారు.

హీటెక్కడానికి కారణాలు

1. గాలి దారి మూసుకుపోవడం: రైసు మిల్లుల దగ్గర ఊక, దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి.
2. నీటి దారి మూసుకుపోవడం: బోరు నీళ్లు కఠినజలమైతే, మన వంటింటి గంజు అడుగున పట్టినట్టే గొట్టాల్లోనూ తెల్లపొర పడుతుంది. అది వేడిని సరిగా పోనివ్వదు.
3. నీళ్లు కారిపోవడం, బెల్టు వదులవడం, థర్మోస్టాట్ తెరుచుకోకపోవడం.

ఎండ 40 డిగ్రీలు దాటితే నీటికీ గాలికీ ఉష్ణోగ్రత తేడా తగ్గి వేడి నెమ్మదిగా పోతుంది. ఓవర్‌లోడు తోడైతే దాగి ఉన్న లోపం బయటపడుతుంది.

మూత ఎందుకు తీయకూడదు?

మామూలుగా నీళ్లు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడిని ఆపుతుంది కాబట్టి లోపల 110 నుంచి 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తెరిచినట్టే.

ఏం చేయాలి?

బండి పక్కకు తీయాలి. ఆవిరి వస్తున్నా, నీళ్లు కారుతున్నా ఇంజన్ వెంటనే ఆపాలి. రేడియేటర్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే, గుడ్డ కప్పి మూత కొద్దికొద్దిగా తిప్పాలి. కాలే ఇంజన్‌లో చన్నీళ్లు పోయకూడదు. లోహం ఒక్కసారిగా కుంచించుకొని హెడ్ పగలవచ్చు. బోరు నీళ్లకు బదులు కంపెనీ చెప్పిన కూలెంట్ వాడితే పొర పట్టదు, తుప్పు తగ్గుతుంది.

అన్న చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. పది పాసయ్యాక నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. తమ్ముళ్లారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పాఠం మీవాళ్లకు చదివి వినిపించండి. పరీక్ష కంటే ముందు అది అక్కడే పనికొస్తుంది.

– ఒక పూర్వ విద్యార్థి